పీపాలో పుట్టిన టన్ను

టన్నంటే వెయ్యి కిలోలని బడిలో చెప్పే మాస్టారు తిరువూరు చుట్టుపక్కల మామిడికాయ అమ్మి ఉండడు. అమ్మి ఉంటే ఆ పాఠం రాగానే పుస్తకం మూసేసి పిల్లల్ని ఆటలకు వదిలేసేవాడు.

అసలు ఈ మాట పుట్టుకలోనే సారా వాసన ఉంది. పాత ఇంగ్లీషులో టన్నంటే పెద్ద పీపా. ఫ్రాన్సు నుంచి ద్రాక్షసారా మోసుకొచ్చే ఓడలో ఎన్ని పీపాలు పడితే ఆ ఓడ అన్ని టన్నులది. 252 గ్యాలన్లు పట్టే ఆ పీపా నిండుగా ఎంత తూగుతుందో, రానురాను ఆ బరువుకీ అదే పేరు ఖాయమైంది. సారాలో పుట్టిన పిండం గదా, ఆనాటి నుంచీ ఒక్కచోట నిలబడిన పాపాన పోలేదు. ఇంగ్లండులో 2,240 పౌన్లు, అంటే 1,016 కిలోలు. సముద్రం దాటి అమెరికాలో దిగేసరికి 2,000 పౌన్లకు, 907 కిలోలకు చిక్కిపోయింది. వెయ్యి కిలోలది మెట్రిక్ వాళ్ల టన్ను. ఓడల పాత లెక్కలో వంద ఘనపుటడుగుల చోటు కూడా టన్నే, అందులో దూది కూరినా ఇనుము కూరినా ఒకటే. క్రికెట్లో వంద పరుగులూ టన్నే. హిరోషిమా మీద పడ్డ బాంబు తూగింది నాలుగు టన్నుల పైచిలుకు, పేలింది మాత్రం దాదాపు 15 వేల టన్నుల మందుగుండంత అని లెక్క.

అంత దూరం ఎందుకు, మే నెలలో మా బజారులో ఏసీల కొట్టుకు వెళ్లండి. ‘టన్నున్నర తీసుకోండి బాబాయ్’ అంటాడు కుర్రాడు. ఇద్దరు మనుషులు ఎత్తి ఆటోలో పెట్టే పెట్టె టన్నున్నర ఎట్లా అయిందిరా అంటే నవ్వుతాడు. ఐసు దిమ్మెలతో చల్లబరుచుకునే కాలం నాటి లెక్క అది. టన్ను ఐసు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి బయటికి తోసే సత్తా పేరు టన్ను. ఆ ఐసు కూడా అమెరికా టన్నే, 907 కిలోలు. మన వెయ్యిలో 93 కిలోలు తరుగు!

తరుగు అనగానే ఇక్కడ ఎవరికైనా ఒళ్లు మండుతుంది. బంగినపల్లి గానీ, తోతాపురి అని బయటివాళ్లు పిలిచే మా కలెక్టరు కాయ గానీ ఎక్కిన బండి కాటా మీదికి వస్తుంది. మిషను చీటీ కొడుతుంది. అంతవరకూ అంతా ధర్మమే. ఆ తర్వాత చీటీ బేరగాడి చేతికి పోతుంది, చెవి మీది పెన్ను చేతిలోకి వస్తుంది. సొన ఆరితే తూకం తగ్గుద్దట. దారిలో కాయ నలుగుద్దట. మచ్చకాయ ఉందట, గాలికి రాలిన కాయ కలిసిందట, తొడిమ పొడుగుందట. ‘అంతా అనుకున్నదే గదా బాబాయ్’ అంటూ టన్నుకు ఇంతని కొట్టేస్తాడు. ఎంత అంటే, ఆ పూట అతని నోట్లోంచి ఎంత వస్తే అంత.

ఇందులో కళ ఎక్కడుందో చూడండి. కోతకూలి నిండు టన్నుకు. లారీ కిరాయి నిండు టన్నుకు. రైతుకొచ్చే డబ్బు మాత్రం బక్క టన్నుకు. పోనీ, తరుగు కింద తీసేసిన కాయలు ఇంటికి తిరిగొస్తాయా? రావు. అవీ అదే లారీలో, అదే గడ్డి మీద, దర్జాగా ఢిల్లీ పోతాయి. అక్కడ కిలోల చొప్పున అమ్ముడవుతాయి, గ్రాము తరగకుండా.

అసలు కన్నా కొసరు ముద్దన్న జాతి మనది, కొసరంటే మనకేం పగ లేదు. వీశెలూ మణుగుల కాలం మాత్రం సత్యహరిశ్చంద్రుడి కాలమా ఏంటి? మద్రాసు మణుగు 25 పౌన్లుంటే, బెంగాలు మణుగు 82 పౌన్ల పైన తూగేది. ఈ గోల పడలేకే 1956లో చట్టం చేసి దేశమంతటికీ ఒకే కిలో పెట్టారు. కొసరు విషయంలో ఇంగ్లీషువాళ్లదీ మన బుద్ధే. ‘వంద బరువు’ అని పేరు పెట్టి 112 పౌన్లు తూచారు. అలాంటివి 20 వేస్తేనే వాళ్ల టన్ను. కాకపోతే ఆ పన్నెండూ సిగ్గుపడకుండా 1835 చట్టంలో అచ్చేసుకున్నారు. అమ్మేవాడికీ కొనేవాడికీ ముందే తెలుసు. మన పన్నెండు ఏ చట్టంలోనూ లేదు, బేరగాడి నాలుక మీద ఉంది.

మన చట్టం పట్టేది ఇనుమునే. తూనికలు కొలతల శాఖ వాళ్లు వచ్చి కాటాకు సీలు వేసిపోతారు. కాటా పాపం పతివ్రత, అబద్ధం చెప్పదు. సీలు పడాల్సింది ఆ పెన్నుకు. తరుగు కొట్టేసే పెన్నును పరీక్షించే అధికారిని ఇంతవరకూ ఏ సర్కారూ వేయలేదు. ఎన్నికలప్పుడు మాత్రం రైతుల కోసం టన్నుల కొద్దీ హామీలు దిగుతాయి. అవి ఏ టన్నో అడగాలి. వెయ్యి కిలోలదా, 907దా, తరుగు పోగా మిగిలిందా?

ఈ ఏడు ఇంకా పిందె కూడా కట్టలేదు. తోట బేరానికొచ్చినవాడు తరుగు ఎంతో అప్పుడే చెప్పి పోయాడు.