నాలుగు చక్రముల వైభవము

మా ముస్తాబాదు మండలమున హిమపాతము సంభవించినట్లు వృద్ధులెవ్వరును చెప్పగా నేను వినలేదు. వైశాఖమాసమున సూర్యభగవానుడు రాజన్న సిరిసిల్ల జిల్లాకు ప్రసాదించు ఎండ ఎట్టిదో ఎరిగినవారికి, మంచు అను పదార్థము ఇచట శీతలపానీయముల దుకాణమునందలి పెట్టె అడుగున తప్ప మరియెచటను కానరాదని వేరుగ చెప్పనక్కరలేదు. అట్టి దేశమున పుట్టి పెరిగి తల నెరసిన నేను, కరీంనగరములో ఒక షోరూమునందు కొత్తకారులో ఆసీనుడనై యుండగా, గేరుకడ్డీ చెంతనున్న గుండ్రని మీటను త్రిప్పి 'స్నో' అను స్థానమున నిలిపి, "గిది మంచుల నడిపేటందుకు సార్" అని విన్నవించిన కుర్రవానివైపు మిక్కిలి గాంభీర్యముతో చూచి, ఇది లేక ఇన్నినాళ్ళు ఎట్లు బ్రతికితినా యన్నట్లు తలయూపితిని.

ఈ వ్యామోహమునకు మూలపురుషుడు మా కోరుట్ల బామ్మర్ది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి పొట్టచేతపట్టుకొని గల్ఫుదేశములకేగిన వేలాదిమందిలో నతడొకడు. దుబాయిలో చిరకాలము డ్రైవరుగా పనిచేసి, టైర్లలో గాలి కొంత తీసివేసి ఇసుకతిన్నెలమీద లాండ్‌క్రూజర్లను నడుపు విద్యను కన్నులార చూచి వచ్చినవాడు గనుక, వాహనవిషయమున అతని మాటకు మా యింట వేదవాక్యమునకు గల ప్రామాణ్యము కలదు. నేను కారు కొనదలచితినని తెలిసినంతనే అతడు ఫోనులో, "బావా, కారన్నంక నాలుగు చక్రాలు గుంజాలె. ముందటి రెండే గుంజితె ఎనుకటి రెండు ఎందుకు, సోకుకా?" అని యొక తార్కికప్రశ్నను సంధించెను. దానికి సమాధానము నాకు తోచలేదు, నేటికిని తోచలేదు.

మా అవ్వ మాత్రము ఈ సిద్ధాంతమును వేరొక కోణమునుండి పరీక్షించినది. "అయితె తక్కినోళ్ళ కార్లకు రెండు చక్రాలు తిరుగనే తిరుగయా బిడ్డా?" అని యడిగెను. తిరుగుట వేరు, తిప్పబడుట వేరు అను సూక్ష్మభేదమును ఆమెకు బోధపరచుటకై నేను ఎడ్లబండిని దృష్టాంతముగ గైకొంటిని: బండికి చక్రములు రెండును తిరుగును, కాని పని చేయునవి చక్రములు కావు, ఎడ్లు, అట్లే సాధారణమైన కారులో ఇంజను బలము ముందరి చక్రములకే పోవును, వెనుకవి ఊరక వెంబడించును, మనము కొనదలచిన దానిలోనైతే ముందరివి బురదలో జారినప్పుడు ఆ బలములో కొంత వెనుకకు పంపబడును. అంతయు సావధానముగ విని ఆమె, "మీ బాపు రెండెడ్లతోనే బురదల నాగలి దున్నిండు గదా, నీకు నాలుగెందుకురా?" అనెను. దృష్టాంతములను ఎన్నుకొనునప్పుడు శ్రోతయొక్క పూర్వానుభవమును గణింపవలెనని అలంకారశాస్త్రజ్ఞులు ఏల హెచ్చరింపరో తెలియదు.

చతుశ్చక్రచోదనము నిన్నమొన్నటిది కాదు. 1903లో హాలండు దేశపు స్పైకర్ అను కర్మాగారమువారు పందెములకొరకు నిర్మించిన పెట్రోలుకారులోనే ఇంజను బలము నాలుగు చక్రములకు చేరెను. రెండవ ప్రపంచయుద్ధమున విల్లీస్ జీపు, 1980లో ఆడి సంస్థవారి క్వాట్రో, మనదేశమున 1985లో వెలువడి సైన్యమునకు, పోలీసుశాఖకు ప్రీతిపాత్రమైన మారుతి జిప్సీ — ఇట్లు ఈ వంశవృక్షము శాఖోపశాఖలుగ విస్తరించినది. కాని మా పల్లెలవారికి జీపనగా జ్ఞప్తికి వచ్చునది, లోపల కూర్చున్నవారికంటె వెలుపల వ్రేలాడువారే అధికముగ నుండి, సంతనాడు కోళ్ళతోను గంపలతోను కదలిపోవు కిరాయి జీపు. దానికి ఏ చక్రములు లాగునో ఎవ్వరును విచారించి యెరుగరు. ఇంకొక పాదము మోపుటకు తావు కలదా లేదా యనునదియే ఆనాటి సాంకేతికచర్చ.

ఇప్పుడట్లు కాదు. వీథిలోనికి వచ్చి చూచిన యెడల ఎత్తైన రొమ్ము, పైకప్పుమీద కడ్డీలు, చుట్టును నల్లని ప్లాస్టిక్ అంచు గల కార్లు ఎటుచూచినను కానవచ్చును. అవియన్నియు ఎస్‌యూవీలే. అడవులను, పర్వతములను లంఘింపగల వీరులవలె వేషము ధరించిన వీనిలో అత్యధికభాగమునకు లాగునవి ముందరి రెండు చక్రములు మాత్రమే యని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యము ఇంతంత కాదు. మా వాడలో ముగ్గురికి గల హ్యుండై క్రెటా సైతము మనదేశమున నాలుగు చక్రముల చోదనముతో విక్రయింపబడుట లేదు. ఈ రహస్యమును ఆ ముగ్గురిలో ఒకరికి చెప్పితిని. నాటినుండి ఆయన నాతో ముక్తసరిగ మాటలాడుచున్నారు.

ఇక నిజముగ నాలుగింటిని లాగు చిన్నవాహనములు నా పరిశీలనకు మూడు నిలిచినవి. మొదటిది 2023 జూన్ మాసమున విపణికి వచ్చిన ఐదు తలుపుల మారుతి జిమ్నీ. జిప్సీకి జ్ఞాతి, చూడ ముచ్చటైనది, కొండలెక్కుటకై తక్కువ వేగపు గేర్లు ప్రత్యేకముగ గలది. అయితే అందు కూర్చుండగలవారు నలుగురు; మా కుటుంబములో నేను, నా భార్య, అవ్వ, కొడుకు, కోడలు, మనుమడు. ఎవరిని ఇంట విడువవలెనను ప్రశ్నకు అందరును నావైపే చూచుటచే ఆ ప్రకరణము ముగిసినది. రెండవది 2020 అక్టోబరు 2న, గాంధీజయంతినాడు, విడుదలయైన నేటితరపు మహీంద్రా థార్. నేలకును దాని యడుగుభాగమునకును నడుమ 226 మిల్లీమీటర్ల ఎడమున్నది. ముందరి సీటును మడిచి వెనుకకు ఎక్కవలెను. షోరూమునందు అవ్వను దానిలోనికి ఎక్కించుటకు మేము చేసిన ప్రయత్నమును, ఆ సమయమున ఆమె మా వంశమునుగూర్చి చేసిన వ్యాఖ్యానమును ఇచట విపులీకరింపను. అదే జాతికి ఐదు తలుపులతో 2024లో వచ్చిన రాక్స్ కలదు గాని, నాలుగు చక్రములు కావలెనన్న డీజిలే కొనవలెను. దాని ధర విన్నప్పుడు నా భార్య కుర్రవానితో ఏమియు అనక మంచినీళ్ళడిగినది. మూడవది 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా, ఆల్‌గ్రిప్ రకము. 4345 మిల్లీమీటర్ల పొడవు. ఐదుగురు సుఖముగను, మనుమడు ఒడిలోను. మొదట చెప్పిన మంచు మీట గల కారు ఇదియే.

పన్నుల విషయమున ఒక విచిత్రము గమనించితిని. 2025 సెప్టెంబరు 22నుండి అమలులోనికి వచ్చిన జీఎస్టీ విధానము ప్రకారము పొడవు నాలుగు మీటర్లకు లోబడి, పెట్రోలు ఇంజను 1200 సీసీకి మించని కారునకు 18 శాతము. అంతకు మించిన పెద్దకార్లకు 40 శాతము. జిమ్నీ పొడవు 3985 మిల్లీమీటర్లు, అనగా హద్దుకు లోపలనే యున్నది. కాని ఇంజను 1462 సీసీ గనుక పెద్దల పంక్తిలోనే విస్తరి వేయించుకొనవలసి వచ్చినది. మూడింటిలో ఒక్కటియు 18 శాతపు గడప త్రొక్కలేదు. పర్వతారోహణమునకు సర్కారువారి సుంకము అధికమని గ్రహించి మారు మాటాడక యుంటిని.

ఇంతకును ఆ పర్వతములేవి? ఒకనాటి రాత్రి కాగితము ముందిడుకొని మా కుటుంబము ప్రయాణించు మార్గములను వ్రాయజూచితిని. మగ్గములకు ప్రసిద్ధమైన సిరిసిల్లకు తారురోడ్డు. రాజన్న దర్శనమునకై వేములవాడకు తారురోడ్డు. బామ్మర్ది యింటికి కోరుట్లకు తారురోడ్డు. కొండగట్టు అంజన్న వెలసినది కొండయే, కాని ఆ కొండకును తారురోడ్డే. వానకాలమున వాగులు పొంగునుగదా యని ఆశపడితిని. కాని లోతట్టు వంతెనపై నీరు ప్రవహించుచుండగా కారు అడుగును నీరు తాకినప్పుడు బండి తేలుటకు ఉంకించును. చక్రమునకు నేలపై పట్టు తప్పిన తరువాత లాగునవి రెండైన నేమి, నాలుగైన నేమి, ప్రవాహము లెక్క అడుగదు. ఈ విషయము బామ్మర్దికి చెప్పగా కొంతసేపు ఫోనులో నిశ్శబ్దము వహించి, "దుబాయిల వాగులు లెవ్వు బావా" అని ఒప్పుకొనెను.

నిరాశతో కాగితము మడువబోవుచుండగా వడ్లు జ్ఞప్తికి వచ్చినవి. ఆహా! వానకాలపు పంటయు, యాసంగి పంటయు చేతికి వచ్చు దినములలో మా ప్రాంతపు రహదారులను చూడనివారికి దీని మహత్త్వము తెలియదు. రోడ్డు సగము వెడల్పున మైళ్ళకొలది బంగారువన్నె వడ్లు ఆరబోయబడి, అంచున వరుసగ రాళ్ళు పేర్చబడి యుండును. రైతును నిందించుటకు వీలులేదు, చాలినంత కల్లము లేదు, తేమ తగ్గక కొనుగోలు కేంద్రమున తూకము లేదు. మిగిలిన సగమునందు రెండు వాహనములు ఎదురైనప్పుడు ఒకటి తారుదిగి మొరములోనికో బురదలోనికో పోక తప్పదు. సాహసము అడవిలో కాదు, సిరిసిల్ల రోడ్డుమీదనే యున్నదని నిశ్చయించి మరునాడే అడ్వాన్సు చెల్లించితిని.

బండికి కొండగట్టున పూజ జరిపించితిమి. 2023 జనవరిలో పవన్ కల్యాణ్ తన వారాహి వాహనమునకు అచటనే పూజ చేయించినది మొదలు మా వాడవారికి అదియొక ప్రతిష్ఠ. చక్రమునకొక నిమ్మకాయ చొప్పున నాలుగుంచిరి. ముందరి రెండు చక్రములే లాగు కార్లకును నాలుగే యుంచుచుండిరి. ఈ అన్యాయమును పూజారిగారితో చర్చింపబోగా నా భార్య నా చొక్కా పట్టి లాగినది.

కార్తికమాసము వచ్చినది. సిరిసిల్లకు పోవుచు వడ్లరాశుల సరసన తిన్నగ సాగుచుండగా, ఎదురుగ ఎత్తైన రొమ్ము గల ఎస్‌యూవీ యొకటి వచ్చి నిలిచెను. ఎవరు దిగవలెనని మర్యాదపూర్వకమైన నిరీక్షణ కొంతసేపు జరిగినది. అంతలో అందులోనివాడు అద్దము దించి, "సార్, మీది నాలుగు చక్రాలు గుంజే బండట గదా? జర మీరే కిందికి దిగుండ్రి!" అనెను. దిగితిని. ఆ వెనుక వచ్చిన ట్రాలీవాడును అదేమాట యనెను. ఆ వెనుక బస్సువానికి అనవలసిన పనియే లేకపోయెను. బామ్మర్ది పుణ్యమా యని ఈ బండి మహిమ మండలమంతట వ్యాపించియుండుటచే, నేటికిని వడ్ల కాలమున నేను సిరిసిల్లకు పోవుట సగము మొరముమీదుగనే. మొన్నటిదినము ఒక రైతు, బురదలో దిగబడిన తన ట్రాలీకి తాడు కట్టి రెండవ కొనను నా చేతికిచ్చి, మాటాడకుండ నిలుచుండెను. ఈ వృత్తాంతమంతయు ఫోనులో నివేదించగా అవతలినుండి విజయధ్వానము వినవచ్చినది:

"నేను జెప్పలేదా బావా, పనికొస్తదని!"