సారీ ఫంక్షన్‌కు దయచేయండి

నల్లగొండ జిల్లాలో ఒక ఇంటి అసలు పరిస్థితి తెలియాలంటే బ్యాంకు పాస్‌బుక్కు తెరిచి లాభం లేదు. బీరువాలో, పట్టుచీరల మడతల కింద, పట్టా పాస్‌బుక్కు కంటే భద్రంగా దాచిన రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కు ఒకటుంటుంది. మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు. పైన 'శ్రీరామ'. కింద పేరు, ఊరు, ఎదురుగా అంకె: 516, 1,116, 2,116. దాన్ని కట్నాల పుస్తకం అంటారు. ఫంక్షన్ హాలు గేటు పక్కన టేబుల్ వేసుకుని, దస్తూరి బాగున్న కుర్రాడొకడు రాసిందది. ఎవరికి ఎంత తిరిగి పెట్టాలో అందులో ఉంటుంది. ఎవరు తక్కువ పెట్టారో ఇంటామెకు పుస్తకం చూడకుండానే గుర్తుంటుంది.

డబ్బు సలహాలిచ్చేవాళ్లకు ఈ పుస్తకం సంగతి తెలియదు. అందుకే వేరే కాగితం తీయమంటున్నారు. జీవితంలో మీకేది ముఖ్యమో ఒక పక్క రాయండి, మూడు నెలల ఖర్చులు రెండో పక్క రాయండి, రెంటికీ పొత్తు కుదిరిందో లేదో చూసుకోండి అంటున్నారు. దేవరకొండ దిక్కున ఏ ఇంటాయన చేతికిచ్చినా మొదటి పక్కను రెండు నిమిషాల్లో నింపేస్తాడు. పిల్లల చదువు. ఆరోగ్యం. అప్పులేని నిద్ర. అడక్కుండానే దస్తఖత్తు కూడా పెడతాడు. కాకపోతే రాసేటప్పుడు కాగితం కింద ఆనిక కోసం పెట్టుకున్నది బిడ్డ సారీ ఫంక్షన్ పత్రిక.

ఒకప్పుడు ఇది వాకిట్లో తేలిపోయే వ్యవహారం. మేనమామ లంగా ఓణీ తెచ్చేవాడు, ముత్తైదువలు అక్షింతలు వేసేవారు, పప్పన్నం తిని పొద్దుగూకేలోపు ఎవరి ఊరికి వాళ్లు. ఇప్పుడు ఊరి మొదట్లో పిల్ల ఫ్లెక్సీ, ఫ్లెక్సీలో పిల్ల కంటే పెద్దగా మండల నాయకుడి ముఖం, హాలు మీద డ్రోన్ కెమెరా, డీజే, స్టేజీ మీద లేచే పొగలోంచి పిల్ల నడిచొచ్చే 'ఎంట్రీ'. మగపిల్లాడైతే ధోతీ ఫంక్షన్. వాడికి ధోతీ మళ్లీ పెళ్లి దాకా అవసరం పడదు. తెలుగు రాతలో చీరకూ క్షమాపణకూ ఒకే అక్షరాలు పడ్డాయి. పత్రిక మీద 'సారీ' మొదటి అర్థంలో అచ్చవుతుంది. ఆరు నెలలకు మిత్తి అడగడానికి వచ్చినాయన రెండో అర్థంలో వింటాడు.

ముందురోజు రాత్రి వాకిట్లో జరిగే చర్చ కూడా దాదాపు ఎక్కడైనా ఒకటే.

"నాలుగు యాటలు సరిపోవా బావా?"

"మొన్న మీ ఇంట్ల ఆరు కోసినవ్ గద. నేను నాలుగు కోస్తే నలుగురు ఏమంటరు?"

"ఎవలంటరు?"

"ఫస్టు నువ్వే అంటవ్."

ఏడో యాటకు కూడా అక్కడికక్కడే తీర్మానం అయిపోతుంది.

సర్కారు లెక్కలవాళ్లు ఈ యాటలను ఎక్కడ రాసుకున్నారో గానీ, మిగతావి బాగానే రాశారు. 2022 ఆగస్టు నుంచి 2023 జూలై దాకా దేశమంతా తిరిగి చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం తెలంగాణ పల్లెలో తలకు నెలఖర్చు 4,802 రూపాయలు. దేశంలోని పల్లెల సగటు 3,773. అంటే మనవాళ్లు ఖర్చుకు వెనకాడే రకం కాదు. ఇక దేశం మొత్తం పల్లెల ఖర్చులో చదువు వాటా 3.30 శాతం, పాన్, పొగాకు, మత్తు పదార్థాల వాటా 3.79 శాతం. పిల్లాడి పలక బలపం మీద నెలకు 125 రూపాయలైతే, నాయన సీసా చుట్ట మీద 143. అంతకుముందు 2011-12లో చేసిన సర్వేలో చదువుదే పైచేయి. పదకొండేళ్లలో రెండూ చోట్లు మార్చుకున్నాయి. తాగుడు విషయంలో తెలంగాణకు ప్రత్యేక ప్రస్తావన కూడా ఉంది, వేరే నివేదికలో: 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇక్కడి మగవాళ్లలో నూటికి 43 మంది తాగుతామని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవాళ్ల లెక్క అది.

ఈ ఖర్చుల సర్వేవాళ్లు ఇంటింటికీ తిరుగుతున్న నెలల్లోనే, 2022 నవంబరు 3న, మునుగోడులో ఉప ఎన్నిక జరిగింది. సర్వే పత్రంలో సర్కారు ఉచితంగా ఇచ్చిన సైకిలుకు, ల్యాప్‌టాప్‌కు, బడి దుస్తులకు గడులున్నాయి. ఎన్నికల్లో ఉచితంగా వచ్చినవాటికి గడి పెట్టాలన్న ఆలోచన ఢిల్లీలో ఎవరికీ తట్టలేదు. అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన హద్దు 40 లక్షలు. ఆ అంకె చెబితే చౌటుప్పల్ హోటళ్లలో ఇప్పటికీ చాయ్ తాగేవాళ్లకు పొలమారుతుంది. మాటిచ్చిన సొమ్ము అందలేదని కొన్ని ఊళ్లలో ఓటర్లు రోడ్డెక్కినట్టు అప్పటి పత్రికలు రాశాయి. పోలింగ్ మాత్రం 93 శాతం. విలువ తెలిసినవాళ్లు ఓటు వృథా చేయరు.

పాలమూరు దిక్కు లెక్క కొంచెం వేరు. 1992లో అమెరికాలో 'యువర్ మనీ ఆర్ యువర్ లైఫ్' అని ఒక పుస్తకం వచ్చి బాగా అమ్ముడుపోయింది. అందులోని ప్రధానమైన కిటుకు ఏమిటంటే, వస్తువు ధరను డాలర్లలో కాకుండా, ఆ డాలర్లు సంపాదించడానికి మీరు ధారపోసిన గంటల్లో చూసుకోమనడం. దాన్ని కనిపెట్టడానికి అమెరికా దాకా పోనక్కర లేదు. కోస్గిలోనో నారాయణపేటలోనో ముంబై బస్సు కోసం మూటల మీద కూర్చున్నవాళ్లను అడిగితే చెప్పేవారు. నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలో ఎన్నో డ్యాములకు మట్టి మోసిన పాలమూరు లేబర్ తరాల తరబడి వేసుకుంటున్న లెక్క అది. గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుంటారు, పెళ్లి చేస్తారు, అడ్వాన్సు తీరేదాకా పనిచేస్తారు. చెల్లె పెళ్లి రెండు సీజన్లు. నాయన దినాలు ఒక సీజను. డీజే పెట్టాలంటే ఇంకో రెండు నెలలు. రూపాయలు మధ్యలో ఊరికే చేతులు మారతాయి. వాళ్లకు లెక్క తెలియక కాదు. లెక్క వాళ్లకు తెలిసినంతగా ఆ పుస్తకం కొన్నవాళ్లకు కూడా తెలియదు.

ఇక్కడ కట్నాల పుస్తకం తరఫున కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే దానికి అన్యాయం చేసినట్టవుతుంది. బోరు ఎండినప్పుడు, ఎద్దు చచ్చినప్పుడు, రాత్రికి రాత్రి హైదరాబాద్ ఆసుపత్రికి పోవాల్సి వచ్చినప్పుడు, బ్యాంకు అడిగే కాగితాలేవీ అడగకుండా పైసలిచ్చేది ఆ పుస్తకంలో పేర్లున్న మనుషులే. ఏడు యాటలు తిన్నవాళ్లలో ఏడుగురైనా పలుకుతారు. నోటిమాట మీద నడిచే బీమా అది. చిక్కల్లా ప్రీమియంతోనే. 516 పెట్టినాయనకు 516 తిరిగిస్తే తిట్టినట్టు. 1,116 ఇవ్వాలి. అతను 2,116తో బదులు చెబుతాడు. ఎవరు ముందు ఆగితే వాళ్లు పిసినారి కనుక, ఇద్దరూ కలిసి నూటికి రెండు రూపాయల మిత్తికి మూడో మనిషి దగ్గర అప్పు తెస్తారు. ఆ మూడో మనిషి ఏ ఫంక్షన్‌కు పోయినా ముందు వరుసలో కుర్చీ వేస్తారు.

సర్కారు మాత్రం ఈ పద్ధతికి అతీతమా? ఆడపిల్ల పెళ్లికి సాయంగా 2014 అక్టోబరు 2న కల్యాణలక్ష్మి మొదలైనప్పుడు ఇచ్చింది 51,000. 2017లో 75,116 అయింది. మరుసటి ఏడు 1,00,116. పద్దెనిమిదేళ్లు నిండితేనే ఇస్తామన్న షరతు మంచిదే, పేదింటికి ఆ సొమ్ము పెద్దదే, కాదనేవారు లేరు. కానీ తోకన వచ్చి చేరిన ఆ 116 చూడండి. దాన్ని పథకం అనుకుంటే పొరపాటు. సర్కారు వచ్చి గేటు పక్కన కట్నం రాయించింది. పెట్టిన కట్నం తిరిగి రావాలి కదా, దానికీ ఏర్పాటుంది. 2023లో రాష్ట్రంలోని 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిస్తే లక్షా 31 వేలకు పైగా వచ్చాయి. అప్పట్లో దరఖాస్తు ఒక్కింటికి 2 లక్షలు, దుకాణం రాకపోయినా తిరిగివ్వరు. ఒక్క సీసా మూత తీయకముందే ఖజానాకు 2,600 కోట్లు దాటింది. బడ్జెట్ ప్రసంగంలో విద్య, వైద్యం అని ముందు రాసుకోవడం, కింద ఆనిక కోసం వేరే కాగితం పెట్టుకోవడం దేవరకొండ ఇంటాయన ఎవరిని చూసి నేర్చుకున్నాడో, ఆయన్ని చూసి ఎవరు నేర్చుకున్నారో తేల్చడం కష్టం.

ఫంక్షన్ హాల్లో మరో వస్తువు ఉంటుంది. పావు లీటరు నీళ్ల సీసా. విస్తరికి ఒకటి, కొందరికి రెండు. రెండు గుక్కలు తాగి పక్కన పెడతారు. చేతులు కడుక్కోవడానికి ఇంకోటి. దీని గురించి ఇంత ఎందుకంటే, ఇది నల్లగొండ.

ఫ్లోరైడ్ కలిసిన తాగే నీళ్లతో ఎముకలు వంగిపోయిన జిల్లా ఇది. నీళ్లకు విలువ లేదని ఇక్కడ ఎవరన్నా అంటే ముషంపల్లికి తీసుకుపోవాలి. ఊళ్లో జనం కంటే బోర్లు ఎక్కువని పి. సాయినాథ్ రాసింది ఆ ఊరి గురించే. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేలో తిరిగేవాడు ఎక్కడ ఆగితే అక్కడ బండి దించడం, దుమ్ము లేవడం, పక్కన ఇంకోటి వేయడం. ఇంటిపేరు పోయి 'బోర్ల' అన్న పేరే నిలిచిపోయిన రైతు ఆ ఊళ్లో ఉండేవాడు. ఇది ఇంట్లో ఖర్చు అదుపు తప్పడం కింద రాయాలా, మనిషి తనకు ముఖ్యమైనదాని మీదే చివరి పైసా దాకా పెట్టడం కింద రాయాలా? సలహాదారు కాగితంలో రెండు పక్కలూ ఇంత గట్టిగా కలిసిన ఇల్లు ఇంకోటి దొరకదు. ఆ ఇల్లే అందరికంటే ముందు మునిగింది.

అయినా కాగితం రెండు పక్కలూ కలిసి, చవకగా కూడా తేలిన సందర్భం ఒకటుంది. 1996 లోక్‌సభ ఎన్నికలు. ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు కావాలని అడిగీ అడిగీ విసిగిన జల సాధన సమితి, ధర్నాలు ఎవరికీ వినపడడం లేదని, మనుషులను నామినేషన్లకు దింపింది. నల్లగొండ బరిలో 480 మంది నిలబడ్డారు. బ్యాలెట్ పేపరు కాస్తా పుస్తకమైంది. దానికి తగ్గ పెట్టెలు చేయించాల్సి వచ్చింది. పోలింగే వాయిదా పడింది. చివరికి సీపీఐ నుంచి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు, 477 మందికి డిపాజిట్లు పోయాయి. నల్లగొండ నీళ్ల గొడవ ఏమిటో దేశమంతా తెలిసింది.

అప్పటి డిపాజిట్ 500 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. 480 మందివీ కలిపినా 2 లక్షల 40 వేలు దాటవు. ఇవాళ మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో హాలు, డీజే, డ్రోన్, ఏడు యాటలు కలిపి ఆ సొమ్ములో సారీ ఫంక్షన్ చేస్తానంటే క్యాటరింగాయన జాలిగా చూస్తాడు.

ఆ సమితిని నడిపిన దుశర్ల సత్యనారాయణ బ్యాంకు ఉద్యోగం వదిలేసి నీళ్ల వెంట పడ్డ మనిషి. ఇప్పుడు సూర్యాపేట జిల్లాలోకి వచ్చిన రాఘవాపురంలో తన 70 ఎకరాలను అడవిగా పెంచారు. చుట్టూ భూమి గజాల్లోకి మారుతుంటే ఆయన పిట్టలకూ కోతులకూ వదిలేశారు. ప్లాట్లు చేసి అమ్మితే ఎంతొస్తుందో చుట్టుపక్కల ప్రతి రియల్టరుకూ నోటికొచ్చు. ఆయన్ను ఆదర్శమని సభల్లో శాలువా కప్పి పొగుడుతారు. పొగిడినవాళ్లు కారెక్కి నేరుగా వెంచర్ చూడటానికి పోతారు.

ఇక ఢిల్లీ ఆ 480 నామినేషన్ల నుంచి నేర్చుకున్నది వెంటనే అమల్లో పెట్టింది. అదే ఏడు చట్టం సవరించి లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి 10,000 చేశారు. నీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం 2025లో కూడా పూర్తి కాలేదు. డిపాజిట్ మాత్రం 2010 నాటికి 25,000కు చేరింది. 2019లో నిజామాబాద్ పసుపు రైతులు అదే దారి పట్టి, అభ్యర్థులను 185 దాకా చేర్చినప్పుడు, మామూలు రైతు నిలబడటానికి కట్టాల్సి వచ్చింది ఆ పాతికవేలే. కట్నాల పుస్తకంలో 516 పక్కన 1,116 ఎట్లా పడుతుందో ఇదీ అట్లాగే పడింది, ఇంకొంచెం వేగంగా.

ఆ 477 మందిలో ఎవరైనా డెబ్బై దాటినాయన ఈ ఆదివారం మర్రిగూడ దిక్కున చుట్టాల పిల్ల సారీ ఫంక్షన్‌కు వచ్చి ఉంటే, ముందు సీసాలో మిగిలిన నీళ్లు పారబోయలేక జేబులో పెట్టుకుంటాడు. తర్వాత గేటు పక్కన టేబుల్ ముందు నిలబడతాడు. కుర్రాడు పెన్ను తీసి అడుగుతాడు.

"ఎంత రాయమంటవ్ తాతా?"

"ఐదొందలు రాయి బిడ్డా."

కుర్రాడు పుస్తకంలో పైనుంచి కింది దాకా ఒకసారి చూస్తాడు.

"ఉత్త ఐదొందలు ఎవలు రాయిస్తలేరు తాతా. పదహారన్న కలుపు."