‘డింకీ కావచ్చు’ – టీకా తాత్పర్యసహితము

మూలము: “స్టేషన్ సిబ్బంది, ఆరుగురు. సీసం. డింకీ కావచ్చు. రంగు కొంచెం పోయింది. ఒకరికి మెడ అతుకు.”

అవతారిక: ఇంగ్లండున పాత ఆటబొమ్మల సంతలో, బొమ్మరైలు ప్లాట్‌ఫారముపై నిలుచు బుల్లి మనుషులను అమ్మదలచిన వర్తకుడు, జేబు తడుముకొనుచున్న వ్యసనపరునితో అట్టపెట్టె చీటీ ముఖముగా ఇట్లు పలుకుచున్నాడు.

ప్రతిపదార్థము:

ఆరుగురు = స్టేషన్ మాస్టరు, గార్డు, టికెట్ కలెక్టరు, డ్రైవరు, పోర్టర్లిద్దరు. లివర్‌పూల్ మెకానో కంపెనీ 1930ల తొలినాళ్ల సెట్టు ఇదియే. ఏ స్టేషనో చెప్పలేదు, అధ్యాహారము.

సీసం = నోట పెట్టరానిది. ఓకు చెక్క బీరువాలోను పెట్టరాదు. ఆ చెక్క విడుచు ఆమ్లపు ఆవిరికి మాస్టరుగారు తెల్లపొడియై రాలిపోవును.

డింకీ = ఆ మెకానో బొమ్మలకు 1934లో వచ్చిన పేరు. అంతకుముందు వీరు ‘మోడల్డ్ మినియేచర్స్’. పెట్టె మీద ఆ పాత పేరే ఉన్నచో వర్తకుడు “కావచ్చు” అనడు, ధర అనును.

కావచ్చు = నాకు తెలియదు; నీకు తెలిసినచో బేరము ముగిసిన పిదప చెప్పుము.

రంగు కొంచెం పోయింది = అసలు రంగే మిగిలినది. ఇది నింద వలె కనిపించు స్తుతి. కొత్తరంగు పూసి మెరిపించిన గార్డుకంటె, ముక్కు మీద సీసము తేలిన గార్డుకే సంగ్రాహకులలో గౌరవము. ఇందులో నేనును వారి పక్షమే.

విశేషము: పోలిక పట్టుటకు ముఖము పనికిరాదు, స్కేలు తీయవలెను. బొమ్మరైళ్ల ‘ఓ’ గేజికి బ్రిటిషు లెక్క అడుగునకు 7 మి.మీ. తొలి డింకీ మనిషి సుమారు 40 మి.మీ., తరువాతివాడు 35. యుద్ధకాలపు రేషనుకు చిక్కిపోయెనని పూర్వపక్షము. అచ్చు చిన్నదాయెనే గాని పొట్ట కాదని సిద్ధాంతము.

ఇక మెడ అతుకు. వంచి చూడగా లోపల అగ్గిపుల్ల! పుల్ల దిగెనన్న ఒళ్లు బోలు. బోలుపోత అనగానే 1893 నుండి ఆ విద్యలో ఆరితేరిన బ్రిటన్స్ బొమ్మల కంపెనీవారు తలపునకు రావలెను. వారి మనిషి మామూలుగా 54 మి.మీ. ‘ఓ’ గేజి లెక్కన ఏడున్నర అడుగులు దాటిన పోర్టరు! తక్కిన ఐదుగురి నడుమ అట్లు నిలిచియుండగా వర్తకుడు “ఆరుగురు” అని మాత్రమే లెక్కపెట్టినాడు.

తాత్పర్యము: ఓయీ కొనువాడా, పెట్టెలో ఐదుగురు ఒక ఇంటివారు, ఆరవవాడు పొరుగింటివాడు. ఈ మాట రసీదు చేతికి వచ్చువరకు పైకి అనకుము.