అనా! మందొక కోటరియ్యి: సటీకా తాత్పర్యం

కడపలో పొద్దు వాలే వేళ. ఎండ పోయింది గాని సెగ పోలేదు. వైన్ షాపు ముందర ఇనుప జాలీ, ఆ జాలీలో చెయ్యి పట్టేంత కంత. అందులోకి మడిచిన నోటు పట్టుకున్న చెయ్యొకటి దూరింది. వెనకాలే గొంతు వినిపించింది: “అనా! మందొక కోటరియ్యి, యాదైనా సరే. సోడా గూడా.”

మూలం ఇంతే. సీమలో రోజూ ఇన్ని నోళ్ళలో నలిగే ఈ వాక్యానికి ఇంతవరకు టీక లేకపోవడం పండితుల లోపమే. అందులోనూ కడప టీకలకు కరువున్న ఊరు కాదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ దొర ఇక్కడే బంగళా కొని, పండితులను జీతాలిచ్చి కూర్చోబెట్టి, కావ్యాలకు శుద్ధప్రతులు రాయించాడు, వ్యాఖ్యానాలు చేయించాడు. ఆ స్థలంలో ఇవాళ ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. తనది కూడా ఆ పరంపరేనని మన టీకాకారుడి వాదన. పద్ధతి మాత్రం కోలాచలం మల్లినాథసూరిది. మూలంలో లేనిది రాయకూడదు, అక్కరలేనిది చెప్పకూడదు అన్నది ఆ మహానుభావుడి నియమం. మొదటి సగం పాటించడం తేలిక. రెండో సగానికి టీకాకారుడు ముందే క్షమాపణ చెప్పుకుంటున్నాడు.

“అనా” అన్నది సంబోధన. ‘అన్నా’లోని ఒక నకారం సీమ ఎండకు ఆవిరైపోయింది. అడిగేవాడికి అరవై ఏళ్ళు, జాలీ వెనక కుర్రాడికి పాతిక. అయినా ‘అనా’యే. ఇక్కడ వరస వయసును బట్టి రాదు, సీసా ఎవరి చేతిలో ఉందో దాన్ని బట్టి వస్తుంది.

“మందు” దగ్గర టీకాకారుడు చాప పరుచుకుని కూర్చోక తప్పదు. ఈ మాటకు తెలుగులో మూడు అర్థాలు. ఒకటి ఔషధం. రెండు తుపాకి మందు. మూడోది పై వాక్యంలో ఉన్నది. ఇవి మూడు వేర్వేరు అర్థాలనుకుంటే పొరపాటు. విస్కీ చరిత్ర చదివితే మూడూ ఒక్క సీసాలోకే వచ్చి చేరతాయి.

మొదట ఔషధం. స్కాట్లండు రాజు ఖజానా లెక్కల్లో 1494 నాటి పద్దు ఒకటుంది. జాన్ కోర్ అనే సన్యాసికి ‘అక్వా వైటే’ చేయడానికి ఎనిమిది బోళ్ళ మాల్టు ఇచ్చినట్టు అందులో రాశారు. ఎనిమిది బోళ్ళంటే అర టన్నుకు అటూ ఇటూ. అప్పటి రాజు నాలుగో జేమ్స్. స్కాచి విస్కీకి దొరికే తొలి లిఖిత సాక్ష్యం ఇదే. అది సారా వేలంపాట కాగితంలో కాక ఒక సన్యాసి పేరు మీద ఉండటం గమనించదగ్గది. అక్వా వైటే అంటే లాటిన్‌లో జీవజలం. ఆ మాటనే అక్కడి గేలిక్ భాషలోకి మార్చి ‘ఉష్కె బాహ’ అన్నారు. పలకగా పలకగా బాహ ఊడిపోయింది, ఉష్కె మిగిలి విస్కీ అయింది. జీవం రాలిపోయి జలం ఒక్కటే నిలిచిందన్నమాట. మల్లినాథుడు కాళిదాసు కావ్యాలకు రాసిన వ్యాఖ్య పేరు కూడా ‘సంజీవని’యే. ఆ సన్యాసీ ఈ సూరీ ఒకే సరుకుకు రెండు లేబుళ్ళు అంటించారు.

ఇక తుపాకి మందు. పూర్వం ఇంగ్లీషు వాళ్ళు సారా బలాన్ని పరీక్షించడానికి దానితో తుపాకి మందును తడిపి నిప్పు పెట్టేవారని చెప్పుకుంటారు. అంటుకుంటే సారా నిజం, తుస్సుమంటే నీళ్ళు కలిపారు. అంటే మందును మందుతోనే పరీక్షించారు. ఆ ‘ప్రూఫ్’ లెక్కలో నూరు డిగ్రీలంటే సుమారు 57.1 శాతం ఆల్కహాలు. కడప కొట్టులో మామూలు విస్కీ సీసా తిప్పి చూస్తే 42.8 శాతం అని ఉంటుంది. ఇంత వంకర అంకె ఎక్కడిదని చాలామందికి సందేహం. 57.1లో ముప్పాతిక కట్టి చూడండి, తేలిపోతుంది. ప్రూఫుకు పాతిక డిగ్రీలు తక్కువన్నమాట. దొరలు పోయారు, డిగ్రీలు పోయాయి, తుపాకి మందు పోయింది, దశాంశం మాత్రం లేబులు మీద అతుక్కుపోయింది.

“ఒక కోటరు.” మందు, ఒక కలిసి మందొక, కోటరు, ఇయ్యి కలిసి కోటరియ్యి. రెండు చోట్లా ఉత్వసంధి. ఈ సంధి నిత్యం. అడిగేవాడికీ కొట్టుకూ ఉన్న సంధి కూడా నిత్యమే, అక్టోబరు 2న తప్ప. కోటరంటే నాలుగో పాలు. ఫుల్లు 750 మిల్లీలీటర్లు, అందులో నాలుగో పాలు 187.5 రావాలి. సీసాలో ఉండేది 180. ఆఫు మాత్రం ఖచ్చితంగా 375. కాబట్టి రెండు కోటర్లు ఒక ఆఫు కావు, నాలుగు కోటర్లు ఒక ఫుల్లు కావు, లీలావతి గణితం ఎంత చదివినా కావు. కోటరుకు ఏడున్నర మిల్లీలీటర్లు లోటు. ఇది ఎక్కడికి పోయినట్టు?

స్కాట్లండులో ఓక్ పీపాల్లో విస్కీని ఏళ్ళ తరబడి మాగబెడతారు. అక్కడి చట్టం ప్రకారం మూడేళ్ళకు తక్కువైతే అది స్కాచే కాదు. ఆ మాగే కాలంలో కొయ్య రంధ్రాల గుండా ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దాన్ని వాళ్ళు దేవతల వాటా అంటారు. బెంగళూరు వేడికి అదే వాటా ఏడాదికి 10, 12 శాతం దాకా పోతుంది. మన దేవతలకు దాహం ఎక్కువ. కడప మే నెల ఎండలో పీపాలు దొర్లించి పెడితే వాటా ఎంతో లెక్క కట్టే ధైర్యం ఇంతవరకు ఎవరూ చేసినట్టు లేదు. ఏడున్నర మిల్లీలీటర్లంటే 187.5లో సరిగ్గా 4 శాతం. స్కాట్లండు దేవతలు రెండేళ్ళలో తాగేది కడప కోటరులో మూత తియ్యకముందే చెల్లిపోయిందని టీకాకారుడి సమన్వయం.

కోటరులో శ్లేష కూడా ఉంది, అది కర్నూలుది. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. కచేరీలు గుడారాల్లో నడిచాయి, మద్రాసు నుంచి తరలి వచ్చిన గుమాస్తాలకు తల దాచుకునే చోటు దొరకలేదు. పైగా ఉమ్మడి మద్రాసు రాష్ట్రం నుంచి వారసత్వంగా వచ్చిన మద్యనిషేధం అమల్లో ఉంది. కాబట్టి తొలి రాజధాని ఉద్యోగికి కోటర్సూ లేవు, కోటరూ లేదు.

ఆ నిషేధమే “ఇయ్యి” అనే క్రియకు కీలకం. ఇది విధ్యర్థకం. ఇమ్మని అడుగుతున్నాడు సరే, ఇచ్చే కర్త ఎవరు? జాలీ వెనక కుర్రాడు కేవలం కరణం. అసలు కర్త సర్కారు. ఆ కర్త మనసు మారినప్పుడల్లా వాక్యం కూడా మారింది. రాజాజీ 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యం ఆపారు. మరుసటి ఏడు అదే తేదీన చిత్తూరు, కడప జిల్లాల వంతు. తెలుగు నేల మీద నిషేధం తొలిసారి అడుగుపెట్టింది ఈ రెండు జిల్లాల్లోనే. వాన లేక ముందే ఎండిన కడప చట్టం వల్ల కూడా ముందే ఎండింది. ఆబ్కారీ రాబడి పోయిన సర్కారుకు డబ్బు కావాలి గదా! 1939లో మద్రాసు ప్రభుత్వం సాధారణ అమ్మకపు పన్ను తెచ్చింది. దేశంలో అదే మొదటిది. తాగనివాడు తువ్వాలు కొన్నా బిల్లు మీద పన్ను కడుతున్నాడంటే, ఆ మూలాల్లో కడపవాడు తాగని కోటరు కూడా ఒకటుంది.

కర్నూలులో కథ ఇంకా ముదిరింది. నిషేధం సంగతి తేల్చమని వేసిన రామమూర్తి సంఘం దాన్ని ఎత్తేయడమే మేలంది. కల్లుగీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న పోరాడారు. ప్రకాశం పంతులు సర్కారు ఎటూ తేల్చలేదు. 1954 నవంబరులో శాసనసభలో ఒకే ఒక్క ఓటు తేడాతో ఆ సర్కారు కూలిపోయింది. మద్రాసు వీధిలో సైమన్ కమిషన్‌ను ఎదిరించి తుపాకులకు గుండె చూపిన వాడని పేరున్న మనిషిని కూల్చింది ఆ ఒక్క ఓటే.

1980లలో సర్కారు సారాయిని పాకెట్లలో పోసి ‘వారుణి వాహిని’ అని పేరు పెట్టింది. పేరు పెట్టిన పండితుడెవరో గాని పురాణం బాగా చదివినవాడు. పాలకడలి చిలికినప్పుడు అమృతానికి ముందు పుట్టింది వారుణి. భాగవతం లెక్కన ఆమె రాక్షసుల వాటాకు పోయింది.

ఇక్కడ టీకాకారుడు హాస్యం పక్కన పెడతాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు అక్షరాస్యత తరగతుల్లో పాఠాలు చదివి, తమ ఇళ్ళ సంగతే అందులో ఉందని గుర్తుపట్టి, సారా కొట్టు మీదికి నడిచారు. వర్ధినేని రోశమ్మ ముందు నిలిచారు. ఒక పాఠానికి ఇంతకంటే నికార్సయిన వ్యాఖ్యానం తెలుగులో మరొకటి లేదు. చివరికి సారా ఆపిన ముఖ్యమంత్రి కర్నూలు పెద్దాయన కోట్ల విజయభాస్కరరెడ్డి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు సంపూర్ణ నిషేధం అమలు చేశారు. 1997లో చంద్రబాబు ఎత్తేశారు. 2019 అక్టోబరు 1న, పులివెందుల జగన్మోహనరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, కొట్లన్నీ సర్కారు చేతికి వెళ్ళాయి. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు వాళ్ళ దగ్గరికి వచ్చాయి. అక్టోబరు ఒకటో తేదీకి మందుతో ఏదో గ్రహసంబంధం ఉంది. పంచాంగకర్తలు చూడాలి.

స్కాట్లండులోనూ సర్కారూ సారా ఇలాగే చాలాకాలం దోబూచులాడాయి. 1823లో కొత్త ఎక్సైజు చట్టం వచ్చింది. గ్లెన్‌లివెట్ లోయలో జార్జ్ స్మిత్ అనే ఆయన మరుసటి ఏడు లైసెన్సు తీసుకున్నాడు. చుట్టుపక్కల దొంగబట్టీల వాళ్ళు ఆయన బట్టీ తగలబెడతామన్నారు. ఆయన నడుముకు రెండు పిస్తోళ్ళు కట్టుకుని తిరిగాడు. ఈ భాగానికి కడప, కర్నూలు పాఠకులకు టీక అక్కరలేదు.

“యాదైనా సరే.” మూలంలో అతి గంభీరమైన పదం ఇదే. అడిగేది విస్కీయే గాని ఏ విస్కీ అన్న పట్టింపు లేదు. దీన్ని వైరాగ్యం అనుకునేవాళ్ళున్నారు, అది తొందర. స్కాచి సింగిల్ మాల్టు అంటే మొలకెత్తించిన బార్లీని పులియబెట్టి రాగి బట్టీలో రెండుసార్లు కాచి దించిన సరుకు. రాగి, మాల్టు రెండూ సీమకు కొత్త మాటలు కావు. అయితే ఇక్కడ కలిపితే రాగిమాల్టవుతుంది, పొద్దున్నే తాగుతారు. దేశంలో చవకగా దొరికే విస్కీలో ఎక్కువ భాగం బార్లీదే కాదు. చక్కెర మిల్లులో మిగిలే మడ్డి, అదే మొలాసిస్, దాని నుంచి తీసిన స్పిరిటుకు కాస్త మాల్టు, రంగు, వాసన చేర్చినది. యూరపు వాళ్ళు దాన్ని విస్కీ పేరుతో అమ్మనివ్వరు. ధాన్యం నుంచి రానిది విస్కీ కాదని వాళ్ళ నిర్వచనం. అలాంటి స్పిరిటు ఎడతెగకుండా ధారగా కారే నిలువు బట్టీకి 1830లో పేటెంటు తీసుకున్న ఈనియస్ కాఫీ అంతకుముందు ఐర్లండులో ఎక్సైజు అధికారి. దొంగబట్టీలు పగలగొట్టిన చేతులతోనే అన్నిటికంటే పెద్ద బట్టీ కట్టాడు.

అయితే దేశం పరువు బెంగళూరులో నిలబడింది. కడపలో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగే ఊరు. 1948లో అక్కడ మొదలైన అమృత్ డిస్టిలరీస్ 2004లో తన సింగిల్ మాల్టును తీసుకెళ్ళి ఏకంగా గ్లాస్గోలో విడుదల చేసింది. కొల్లేటివాడికి చేపలు అమ్మడమన్నమాట. అయినా అమ్మింది. దాని ‘ఫ్యూజన్’ను, 2010లో, జిమ్ మరే అనే విస్కీ పండితుడు తన గ్రంథంలో ప్రపంచంలో మూడోదిగా నిలబెట్టాడు. చిలికిన కడలి ఒకటే, ఒకరికి వారుణి వచ్చింది, పక్క రాష్ట్రానికి అమృతం వచ్చింది. జాలీ ముందు నిలబడినవాడి నోటుకు ఆ అమృతం అందదు, అందుకే “యాదైనా సరే”.

“సోడా గూడా.” సముచ్చయం. గోలీసోడా సీసా హైరమ్ కాడ్ అనే ఇంగ్లీషువాడు 1872లో పేటెంటు తీసుకున్నది. పక్క బండి మీద తడిగోనె కింద సీసాలు వరసగా ఉంటాయి. బండివాడు కొయ్యబిళ్ళ పెట్టి అరచేత్తో ఒక్క గుద్దు గుద్దుతాడు. గోలీ కిచ్చుమని మెడలోకి జారుతుంది, నురగ వేళ్ళ మీద కారుతుంది. కర్నూలులో దీనికి పాఠాంతరం వినిపిస్తుంది: “నీళ్ళ పాకెట్టు గూడా.” రెండూ ప్రామాణికాలే. చిక్కటి ఉప్పునీళ్ళు కారే కొళాయి పాఠం మాత్రం ఏ ప్రతిలోనూ లేదు.

ఇక తాత్పర్యం. టీకాకారుడు ఇంత రాసుకుని, సరిచూసుకుందామని ఒక సాయంత్రం జాలీ దగ్గరికి పోయి, కుర్రాణ్ణే అడిగాడు: “ఈ మాటకు తాత్పర్యం ఏంది నాయనా?”

“తొంభై తొమ్మిది,” అన్నాడు కుర్రాడు, తల ఎత్తకుండా.

2024 విధానంతో వచ్చిన ధర అది. వంద నోటు ఇస్తే ఒక రూపాయి తిరిగి రావాలి. కంతలోంచి వచ్చింది పిప్పరమెంటు బిళ్ళ. ఇంటి గడప తొక్కేముందు నోట్లో వేసుకోవడానికి పనికొస్తుంది. ఆ రూపాయి ప్రస్తావన మూలంలో లేదు గనక టీకాకారుడు దాన్ని ముట్టుకోలేదు.