పగలు ‘రేపు రండి’, రాత్రి ‘ఇక్కడ నొక్కండి’

జీతం చాలదనే నమ్మకం ఉద్యోగికి అపాయింట్‌మెంట్ ఆర్డరుతో పాటే వస్తుంది. దానికి మన పెద్దలు ఎప్పుడో మార్గాలు వేసి ఉంచారు: భార్య పేరు మీద ఎల్‌ఐసీ ఏజెన్సీ, బావమరిది పేరు మీద స్థలాలు, ఎవరి పేరూ లేకుండా చిట్టీలు. ఈమధ్య ఆ వరసలో బ్లాగు చేరింది. పెట్టుబడి లేదు, గోడౌన్ లేదు, రేపు ఏసీబీ వాళ్ళు ఇంటికొచ్చినా పట్టుకెళ్ళడానికి ఏమీ ఉండదు. ఒకసారి రాసి పడేస్తే మనం నిద్రపోతున్నా డబ్బు పడుతూనే ఉంటుందని యూట్యూబ్‌లో చెప్పేవాళ్ళు కోకొల్లలు. నిద్రలో సంపాదించే కిటుకు తెలిసినవాళ్ళు తెల్లవార్లూ మేలుకుని ఆ కిటుకు మనకెందుకు చెబుతున్నారో ఎవరూ అడగరు.

మా బావమరిదీ అడగలేదు. మావాడు గోదావరి జిల్లాలో ఒక తహసీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. మంచివాడు, ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ‘‘సర్వర్ డౌనండి, రేపు రండి’’ అన్న మాటను కూడా ఎదుటివాడి మనసు నొచ్చుకోకుండా అనగలడు.

సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళకి ఈ రెండో సంపాదన విషయంలో ఇంత అదృష్టం లేదు. 2022లో విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ రెండో పని చేయడం మోసమేనని తేల్చేసి, పోటీ కంపెనీలకు పనిచేస్తూ దొరికిన 300 మందిని తీసేశామన్నారు. దేశమంతా గగ్గోలు. మా వైపు గుమాస్తాలూ, మాస్టార్లూ ఆ వార్త చదివి ‘‘అయ్యో, దీనికి కూడా ఉద్యోగాలు తీసేస్తారా!’’ అని జాలిపడి, ట్యూషన్‌కి టైమవుతోందని లేచారు.

ఆ మాటకొస్తే తెలుగువాళ్ళకి బ్లాగు కొత్తేం కాదు. ఇరవై ఏళ్ళ కిందటే లేఖిని సైటులో టైపు చేసుకుని, కూడలి సైటులో ఎవరేం రాశారో చూసుకుని, అమ్మమ్మగారి ఊరి మీద ఒకరు, ఆవకాయ మీద ఒకరు, గణయతి ప్రాసల మీద ఇంకొకరు తెగ రాశారు. వ్యాఖ్యల్లో జుట్లు పట్టుకున్నారు. వాళ్ళలో చాలామంది కంపెనీ కుర్చీలో కూర్చుని, కంపెనీ కరెంటు ఖర్చుచేస్తూ రాసినవాళ్ళే. పైసా రాలలేదు. రాలే దారీ లేదు. గూగుల్ యాడ్‌సెన్స్ 2003లోనే పుట్టినా, తెలుగును తన భాషల జాబితాలో చేర్చుకున్నది 2018లో. ఆ పదిహేనేళ్ళూ తెలుగులో రాసినవాడు కేవలం దురద కొద్దీ రాశాడు. భాషకు అంతటి స్వర్ణయుగం మళ్ళీ రాదు. ప్రకటనలు అడుగుపెట్టాక అమ్మమ్మగారి ఊరు ఖాళీ అయిపోయి, ఆ అరుగు మీద ‘రైస్ కార్డు ఉన్నవారికి భారీ శుభవార్త’ వచ్చి కూర్చుంది.

మావాడు కూడా మొదట కథలే రాశాడు. నేను చదివాను. మా ఆవిడ చదివానంది. అంతటితో పాఠకలోకం అయిపోయింది. ఉసూరుమని ఒక రాత్రి, ఏం తోచక, అడంగల్‌లో పేరు తప్పు పడితే ఎలా దిద్దించుకోవాలో రాసి పెట్టాడు. రోజూ చేసే పనే కనుక వెతుక్కోకుండా వచ్చేసింది. తెల్లారేసరికి వందలమంది చదివేశారు. వాడికి జ్ఞానోదయమైంది. తాను పగలు ఏ విషయం చెప్పకపోవడానికి జీతం తీసుకుంటున్నాడో, రాత్రిపూట అదే చెప్పడానికి డబ్బులిచ్చేవాళ్ళు లోకంలో ఉన్నారు!

‘‘ఏవయ్యా, రూల్సు ఒప్పుకుంటాయా?’’ అని అడిగాను సంక్రాంతికి వచ్చినప్పుడు.

‘‘1964 నాటి సెంట్రల్ సివిల్ సర్వీసెస్ కాండక్ట్ రూల్సు, పదిహేనోది చూడండి బావగారూ. అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదు. కానీ డ్యూటీకి అడ్డురాకుండా అప్పుడప్పుడూ సాహిత్యానికీ, కళకీ, శాస్త్రానికీ సంబంధించిన పని చేసుకోవచ్చు.’’

‘‘అది కేంద్ర ఉద్యోగులకి. నువ్వు రాష్ట్రం కదా.’’

‘‘డీఏ దగ్గర కేంద్రాన్ని చూపించే కదండీ అడుగుతున్నాం, దీని దగ్గర ఎందుకు కూడదు?’’

‘‘సరే, అడంగల్ తప్పులు దిద్దించుకోవడం సాహిత్యం ఎలా అవుతుంది?’’

‘‘మీరు ఎప్పుడైనా అడంగల్ చదివారా? అంత కల్పన ఏ నవల్లో ఉందో చెప్పండి.’’

నా దగ్గర జవాబు లేకపోవడం చూసి ఇంకో మెట్టెక్కాడు. రావిశాస్త్రి గారు విశాఖపట్నంలో వకీలు, కోర్టులో చూసిందే కథలుగా రాశారు. చలం గారు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. వాళ్ళను అడిగారా ఎవరైనా, అన్నాడు. చలం గారిని లోకమంతా పనిగట్టుకుని అడిగిందని చెబుదామనుకున్నాను గానీ, మావాడి మొహంలో అప్పటికే సాహిత్య అకాడమీ కళ వచ్చేసింది, ఊరుకున్నాను.

ఈ రంగంలో వాడు ఇంత త్వరగా పైకి రావడానికి కారణం ప్రతిభ అనుకుంటే పొరపాటు. ఆఫీసు ఇచ్చిన శిక్షణ అది. బ్లాగులో డబ్బు రావాలంటే పాఠకుడు ఒక పేజీతో వెళ్ళిపోకూడదు, పేజీ నుంచి పేజీకి తిరగాలి. టేబుల్ నుంచి టేబుల్‌కి మనిషిని తిప్పడంలో పన్నెండేళ్ళ సర్వీసున్న వాడికి ఇది ఒకరు నేర్పాలా? కావలసిన కాగితాల జాబితా ఒక పేజీలో, దరఖాస్తు నమూనా ఇంకో పేజీలో, ఎవరికి ఇవ్వాలో మూడో పేజీలో. మొదటి పేజీ ఎప్పుడూ చరిత్రతోనే మొదలవుతుంది. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం కోసం వచ్చినవాడు ముందు ‘కుటుంబం అంటే ఏమిటి?’ అన్న రెండు పేరాలు దాటాలి. ఆ రెండు పేరాల మధ్య మోకాళ్ళ నొప్పుల నూనె. దాటాక విల్లాల ప్రకటన. రైస్ కార్డు రాలేదని ఏడుస్తూ వచ్చిన మనిషికి గేటెడ్ కమ్యూనిటీలో నాలుగు పడక గదుల ఇల్లు చూపించి, ఆ కిందే అసలు జవాబు పెడతాడు. అదీ పూర్తిగా కాదు. ‘మిగతా వివరాలకు ఇక్కడ నొక్కండి.’

పాఠకులు విసిగి మొదటి పేజీ నుంచే వెళ్ళిపోయే శాతాన్ని బౌన్స్ రేట్ అంటారట. అది పెరిగితే బ్లాగుకి నష్టం. ఆఫీసులో అయితే అది పెరిగినకొద్దీ ఫైళ్ళు తగ్గి, పెండింగ్ లేదని కలెక్టరు గారు మెచ్చుకుంటారు. ఒకే మనిషి పగలు దాన్ని పెంచుతూ, రాత్రి తగ్గిస్తూ బతకడం ఎంత కష్టమో ఊహించండి.

వాటాల సంగతి మాత్రం వాడిని కదిలించేసింది. ప్రకటన ఇచ్చినవాడి రూపాయిలో సుమారు 68 పైసలు రాసినవాడికి దక్కుతుందని గూగుల్ బాహాటంగా రాసి పెట్టింది. ‘‘ఎవరికెంతో ముందే చెప్పి, ప్రతి నెలా 21 నుంచి 26 లోపు ఇచ్చేస్తారు బావగారూ. ఇంత నిజాయితీగా పంచుకునే పద్ధతి మా దగ్గర…’’ అని ఆగాడు. వాక్యం పూర్తి చేయలేదు. నేనూ పూర్తి చేయమనలేదు.

కష్టాలు లేకపోలేదు. ఖాతాలో పది డాలర్లు చేరగానే చిరునామా నిజమో కాదో తేల్చుకోవడానికి గూగుల్ వాళ్ళు పోస్టులో ఒక పిన్ నంబరు పంపుతారు. ఏ ధ్రువీకరణ పత్రానికైనా వీఆర్వో విచారణ వేయించే మావాడు, తన చిరునామా నిజమని రుజువు చేసుకోవడానికి పోస్ట్‌మాన్ కోసం వారాల తరబడి గుమ్మంలో పడిగాపులు కాశాడు. ఆ తర్వాత వంద డాలర్లు నిండితే గానీ చేతికి రాదు. ఉగాదికి మొదలెట్టిన లెక్క దసరా దాటినా నిండలేదు. తెలుగు పేజీకి వచ్చే రేటు, అమెరికావాడు ఇంగ్లిషులో చదివే పేజీకి వచ్చేదాంట్లో ఓ మూలకి రాదు మరి.

ఆగలేక కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒక విన్నపం పెట్టాడు: ‘అందరూ రోజూ నా పేజీ తెరిచి యాడ్స్ నొక్కగలరు.’ చుట్టాలు ఇలాంటివి మహా బాగా చేస్తారు. డాలస్‌లో కొడుకు దగ్గరున్న పెద్దత్తగారు విష్ణు సహస్రనామం అయ్యాక నూటెనిమిది సార్లు నొక్కారు. చెల్లని క్లిక్కులని చెప్పి వెంటనే ప్రకటనల మీద ఆంక్ష పడింది. ఫిర్యాదు లేదు, మెమో లేదు, సంజాయిషీ అడగలేదు. ‘‘మా దగ్గరైతే విచారణాధికారిని వేయడానికే మూడేళ్ళు పట్టేది’’ అని వాపోయాడు పాపం, తొలిసారి వేగంగా పనిచేసే ఆఫీసును చూసిన మనిషి.

అసలు కథ మొన్న వేసవిలో జరిగింది. లంక గ్రామం నుంచి ఒక పెద్దాయన కౌంటరు దగ్గరకొచ్చాడు. భుజాన తువ్వాలు, చేతిలో నెట్ సెంటర్లో తీయించిన నాలుగు ప్రింట్లు. పేజీకి పది రూపాయలు పుచ్చుకున్నారట. విల్లా ప్రకటన కూడా నల్లగా, ఇంకు అలుక్కుపోయి, అందులోనే వచ్చేసింది.

‘‘బాబుగారూ, ఈ మూడు కాగితాలు పెడితే చాలని ఇందులో ఉందండి. తెచ్చానండి.’’

మావాడు చూశాడు. ‘దరఖాస్తు’ను ‘ధరకాస్తు’ అని రాసే అలవాటు ఈ మండలంలో ఒక్కడికే ఉంది. గుండె ఆగినంత పనైంది.

‘‘ఇంటర్‌నెట్లో పనీపాటా లేనివాళ్ళు ఏదో రాస్తారు పెద్దాయనా, అవన్నీ నమ్మితే ఎలా?’’

‘‘లేదండీ, బాగా తెలిసినాయనే రాశాడండి. ఆఫీసులో ఉన్నోడు రాసినట్టే ఉందండి ఆయ్. పైగా మనసున్నోడండి, ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదని కూడా రాశాడు.’’

పక్క సీటాయన తలెత్తాడు. వెనక బెంచీ మీదివాళ్ళు మెడలు చాచారు. తన వ్యాసాన్ని తానే కాదనాలా, ఒప్పుకుని పన్నెండేళ్ళ ఆనవాయితీని మంటగలపాలా? ఏ రచయితకూ రాకూడని సంకటం. మావాడు సర్వీసులో నలిగినవాడు కనుక క్షణంలో తేరుకున్నాడు. ‘‘అది పాత రూలు. ఇప్పుడు నాలుగోది కూడా కావాలి, నోటరీ అఫిడవిట్’’ అన్నాడు. పెద్దాయన తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రే బ్లాగులో వ్యాసం సవరించాడు: ‘ముఖ్య గమనిక, తాజా అప్‌డేట్: ఇకపై నాలుగో కాగితం తప్పనిసరి!’ కొత్త సమాచారం కావడంతో గూగుల్ దాన్ని పైకి లాగింది. చదివినవాళ్ళు విరగబడ్డారు. పక్క మండలాల కౌంటర్లలో కూడా జనం అఫిడవిట్లు పట్టుకుని నిలబడుతుంటే, అక్కడివాళ్ళు ‘ఓహో, రూలు మారినట్టుంది’ అనుకుని పుచ్చుకోవడం మొదలెట్టారు. ఒక జూనియర్ అసిస్టెంటు నోటి మాట జీవో నంబరు లేకుండానే జిల్లా అంతా అమలైపోయింది.

ఈ మధ్య మాత్రం మావాడు దిగాలుగా ఉన్నాడు. 2024 ఆగస్టు నుంచి గూగుల్ మన దేశంలోనూ సెర్చ్‌లో అన్నిటికన్నా పైన, కృత్రిమ మేధతో తానే జవాబు చెప్పడం మొదలుపెట్టింది. కింద ఉన్న పేజీల దాకా రావలసిన పని పాఠకుడికి తగ్గిపోతోంది. ‘‘నేను రాసిందే చదువుకుని, అడిగినవాడికి అడిగిందంతా ఒక్కసారే చెప్పేస్తోంది బావగారూ! తిప్పదు, రేపు రమ్మనదు. ఇదేం పద్ధతండీ?’’ అన్నాడు. వాడి గొంతులో అంత ఆవేదన, మొన్న పీఆర్సీ ఆలస్యమైనప్పుడు కూడా వినలేదు.

ఇంతకీ ఆ డబ్బేమైందని మీరు అడగవచ్చు. రూల్సు మీద అంత పట్టున్న మావాడు, ఎందుకైనా మంచిదని, ఖాతా మొదటి నుంచీ భార్య పేరునే తెరిచాడు. పిన్ నంబరు ఆమె పేరునే వచ్చింది. డాలర్లు ఆమె బ్యాంకులోనే పడతాయి. ఏటీఎం కార్డు బీరువాలో, బీరువా తాళాలు ఆమె నడుముకి. రాత్రి రెండింటి దాకా కళ్ళు పొడుచుకుని రాసేది వాడు. తాను నిజంగా నిద్రపోతుండగా డబ్బు వచ్చి పడే భాగ్యం, యూట్యూబ్ వాళ్ళు వర్ణించింది వర్ణించినట్టు, ఆ ఇంట్లో ఆవిడకి పట్టింది. ఒకటో తారీఖు ఆయనది, ఇరవయ్యొకటో తారీఖు నాది అంటుంది. ఆడిటరు ‘‘జీతం వాళ్ళ సహజ్ ఫారంలో ఇది చూపించడం కుదరదమ్మా, వ్యాపార ఆదాయం. ఇంతకీ రాసేదెవరు?’’ అని అడిగితే రెప్ప వాల్చకుండా ‘‘నేనే’’ అందట. మావాడు పక్కనే కూర్చుని తలూపాడు. మన రాజకీయాల్లో సర్పంచి గారి భర్తలు ఊపినట్టే.

పోయిన ఆదివారం ఆవిడే నాకు ఫోన్ చేసింది.

‘‘అన్నయ్యగారూ, మీ బావమరిదికి ఆఫీసులో ఎలక్షన్ డ్యూటీలూ, రీసర్వేలూ ఎక్కువై రాత్రుళ్ళు కునుకుతున్నారు. వ్యాసాలు వెనకబడుతున్నాయి. మీరు ఎలాగూ ఖాళీయే కదా, వారానికి రెండు రాసి పెట్టకూడదూ? ఊరికే వద్దులెండి.’’

‘‘ఎంతిస్తావమ్మా?’’ అన్నాను, మాటవరసకి.

చెప్పింది. వ్యాసానికింత, పండగలకి బోనస్ వేరే. ఈ కాలమ్‌కి ఈ పత్రికవారు ఇచ్చేదానికన్నా ఎక్కువే. ఇచ్చే తారీఖు కూడా చెప్పింది, అది ఇంకా విశేషం. నేను ఆలోచించుకుని చెబుతానన్నాను. సంపాదకులవారు గమనించ ప్రార్థన.