ఊలు వదిన

వైశాఖ మాసం, విశాఖపట్నం, మిట్టమధ్యాహ్నం. పైన ఫ్యాను వేడిగాలిని ఈ మూల నుంచి ఆ మూలకి తోస్తోంది. మా వదిన టేపు పట్టుకొచ్చి నా తలకు చుట్టింది.

"కదలకు మరిదీ. ఇరవై రెండున్నర అంగుళాలు. చెవులు కూడా మూసుకోవాలంటే ఇంకో ఆరు వరసలు పెంచాలి."

"దేనికి వదినా?"

"మంకీ క్యాప్‌కి. కొత్త డిజైను."

నా నుదుటి చెమట టేపు మీదకి కారింది. ఆవిడ దాన్ని కొంగుతో తుడిచి, అంకె మళ్లీ సరిచూసుకుని రాసుకుంది.

ఇలాంటి వదిన మాకొక్కరికే ఉందనుకునేరు. వాల్తేరు రైల్వే క్వార్టర్సులో ఉంటారు, నేవీ వాళ్ల కాలనీల్లో ఉంటారు, ఎంవీపీ కాలనీలో సెక్టారుకొకరు ఉంటారు. గుర్తుపట్టడం తేలిక. చేతిసంచిలోంచి రెండు సూదిమొనలు తొంగి చూస్తుంటాయి కాబట్టి సిటీ బస్సులో వాళ్ల పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. స్వెట్టరు వేసుకున్న పిల్ల ఎదురైతే పేరడగరు, అంచు తిరగేసి చూస్తారు. కుట్లు లెక్కపెట్టేటప్పుడు మాత్రం వాళ్లని పలకరించకూడదు. పాలవాడు "ఎన్ని ప్యాకెట్లమ్మా" అంటే మా వదిన "నలభై తొమ్మిది" అన్న రోజుంది. వాడు లోపల పెళ్లేమో అనుకున్నాడు.

అసలు ఈ ఊళ్లో చలి ఎక్కడేడిసింది? జనవరిలో తెల్లవారుజామున ఫ్యాను రెండు నంబర్లు తగ్గిస్తే అదే మా శీతాకాలం. చలి కావాలంటే లంబసింగి పోవాలి, లేదా కిరండూల్ రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ అరకు చేరాలి. ఈ మాట వదినతో అంటే సమాధానం సిద్ధంగా ఉంటుంది. "2016లో చెన్నైలో 11,148 చదరపు మీటర్ల క్రోషా దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు కొట్టారు. చెన్నైలో ఏమైనా మంచు కురుస్తోందా?" దీనికి నా దగ్గర ఇంతవరకు జవాబు లేదు.

ఈ విద్య ఆవిడకి అంటుకున్నది స్టీలు ప్లాంటు వాళ్ల ఉక్కునగరంలోనే. అన్నయ్య ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఎదురు క్వార్టర్లోకి భిలాయి నుంచి బదిలీ మీద ఒక పంజాబీ కుటుంబం వచ్చింది. ఆ ఇల్లాలికి తెలుగు రాదు, వదినకి హిందీ రాదు. మధ్యాహ్నాలు ఇద్దరూ అరుగు మీద కూచుని ఒక సీదా, ఒక ఉల్టా అంటూ మాట్లాడుకునేవాళ్లు. వదినకి ఇప్పటికీ హిందీలో వచ్చినవి ఆ రెండు మాటలే. రిజర్వేషను కౌంటరు దగ్గర మాత్రం అవి పనికిరాలేదు.

అన్నయ్యది వైర్ రాడ్ మిల్లు. ఎర్రగా కాలిన ఉక్కుకడ్డీ తీగలా సాగి, చుట్లు చుట్లుగా పడి, చివరికి కాయిల్ అవుతుంది. ఆ లెక్కన మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకటే వృత్తి, ఉండలు చుట్టడం. అక్కడ తయారయ్యే సన్నరకం కడ్డీ 5.5 మిల్లీమీటర్లని తెలిసిన రోజున వదిన కళ్లు మెరిశాయి. "ఏవండీ, సరిగ్గా ఆ సైజు సూదులే నాకు లేవు. రెండు ముక్కలు తేకూడదూ?" గేటు దగ్గర సీఐఎస్ఎఫ్ జవాను క్యారేజీ మూత తీసి చూస్తే ఏం చెప్పాలో అన్నయ్య ఊహించుకుని, ఆ రాత్రి సి షిఫ్టుకి గంట ముందే వెళ్లిపోయాడు.

సూదుల నంబర్ల గొడవ మీకు తెలియకపోవచ్చు. మన దుకాణాల్లో పాత ఇంగ్లీషు లెక్క నడుస్తుంది, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. అమెరికా వాళ్లది తిరకాసు, అక్కడ నంబరు పెరిగితే సూది లావెక్కుతుంది. వాళ్ల పది నంబరు 6 మిల్లీమీటర్లు, మన పది నంబరు మూడుంపావు. వదిన న్యూజెర్సీ మేనకోడలు పంపిన పుస్తకంలో "పది నంబరు" అని చదివి, పూర్ణా మార్కెట్లో పది నంబరు సూదులు కొని, పుస్తకంలో చెప్పిన లావుపాటి ఊలుతోనే అల్లింది. రెండు నెలలకి స్వెట్టరు తయారైంది. సోఫా మీద పెడితే ఒరగలేదు. లోపల మనిషి లేకుండానే చేతులు చాచి కూచుంది. అన్నయ్య వేలితో తట్టి చూసి, "గ్రేడు బాగుంది" అని మాత్రం అన్నాడు.

అక్కడితో వేరెవరైనా మానేసేవారు. వదిన డిజైనరైంది. పుస్తకం తప్పయినప్పుడు మన పుస్తకం మనమే రాసుకోవాలంది. అప్పటినుంచి పుట్టిన డిజైన్లకి లెక్కలేదు, పూర్తయిన వస్తువులకి ఉంది. నాకు తెలిసి ఏడు. ఆవిడకి స్వెట్టరుతో పనిలేదు, స్వెట్టరు ఎలా ఉండబోతోందన్నదానితోనే పని. వీపు భాగం అయ్యేసరికి ఆ సంగతి తేలిపోతుంది కాబట్టి, చేతులు అల్లడానికి ఆవిడకి చేతులు రావు. మా ఇళ్లల్లో చేతుల్లేని స్వెట్టర్ల సంఖ్య చూసి కొత్తకోడళ్లు అదేదో మా ఆచారమనుకుంటారు.

పేర్లు మాత్రం గొప్పగా పెడుతుంది. అలలు అలలుగా ఉన్నది యారాడ. ముక్కు దగ్గర పొడుచుకొచ్చే టోపీ డాల్ఫిన్ నోస్. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనేవి మూడు మఫ్లర్లు. స్టీలు ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లవి. ఈ ఒక్క నామకరణం నాకు సబబుగా తోచింది, మా ఊళ్లో మఫ్లరు కట్టుకున్న మనిషికి జరిగేది అదే గనక. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు జనం టీవీలూ సర్టిఫికెట్లూ కాపాడుకుంటే, ఆవిడ ఊలు లచ్చులన్నీ మంచం కిందికి చేర్చి, మంచమ్మీద తాను కూచుంది. కిటికీ అద్దాలు పోయాయి, పెరట్లో మామిడి పోయింది, ఊలు నిలిచింది. తరవాత కరెంటు లేని రోజుల్లో కొవ్వొత్తి వెలుగులో ఒక షాలు అల్లింది. దాని నడుమ చెయ్యి పట్టేంత కంత. "తుఫాను కన్ను" అంది. కుట్టు జారిపోయిందని మేమనుకున్నాం. ఇప్పటికీ అదే అనుకుంటున్నాం.

నెలకోసారి వాళ్లింట్లో అల్లికల కూడిక. ఆరేడుగురు వస్తారు. మొదటి అరగంట సూదుల చప్పుడు తప్ప ఏమీ వినపడదు. తరవాత ఒకావిడ ఏదో కోడలి సంగతి ఎత్తుతుంది, అక్కణ్నుంచి వరసలన్నీ బిగుసుకుంటాయి. కోపంలో అల్లింది ఎప్పుడూ ఒక సైజు తక్కువొస్తుందట. ఎవరి మనవడి సాక్సు చూసినా ఆ రోజు చర్చ ఎవరి గురించి నడిచిందో చెప్పగలనంటుంది వదిన. నా పని లచ్చి పట్టుకోవడం. రెండు చేతులూ చాచి, దేవుడి ఎదుట నించున్నట్టు నించోవాలి. ముక్కు దురద పెట్టడం సరిగ్గా అప్పుడే మొదలవుతుంది.

ఒకసారి ఆ కూడికలో వదిన తన బీరువా అడుగునుంచి ఒక బల్లగుడ్డ తీసింది. తెల్ల నూలు, సాలెగూడంత సన్నం. వాళ్లమ్మమ్మ అల్లిందట. వదినది నరసాపురం వైపు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు పని ఆ లంక గ్రామాల్లో ఇంటింటా పాకింది. ఎక్కడో పరదేశంలో టీ బల్లల మీదికి ఇవి వెళ్లేవి, ఇక్కడ పొయ్యి దగ్గర అన్నం ఉడికేలోపు రెండు పువ్వులు పడేవి. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ 1982లో దీనిమీద పుస్తకమే వేసింది. ఈ లేసు అల్లే ఆడవాళ్లు ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తుంటే, తీరికవేళ కాలక్షేపమని చెప్పి కూలి తగ్గించారని ఆవిడ లెక్కతో సహా రాసింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అమ్మమ్మ బల్లగుడ్డలో ఒక్క కుట్టు జారలేదు. "మీ అమ్మమ్మ దీనికేం పేరు పెట్టింది?" అని అడిగాను. "పేరా? డజను ఇంత అని ఇచ్చేసేది" అంది వదిన. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆవిడే గుడ్డ మడిచి, "సరే, నీ లచ్చి పట్టుకో" అంది.

ఇక బీచి సంగతి. నలుగురి మధ్యా కూచుని అల్లే రోజని ప్రపంచంలో ఒకటుంది, 2005లో మొదలైంది, జూన్ రెండో శనివారం జరుపుకుంటారు. ఆ తారీఖు పెట్టినవాళ్లు విశాఖ జూన్ చూడలేదు. మృగశిర కార్తె వచ్చినా వాన రాలేదు. ఆర్కే బీచిలో కురుసుర సబ్‌మెరైన్ ఎదురుగా ఏడుగురు ఆడవాళ్లు ఊలు ఒళ్లో పెట్టుకుని వరసగా కూచున్నారు. చెమటకి ఊలు సూది మీద జారనంటోంది. ప్రతి కుట్టుకీ కీచుమంటోంది. మురీ మిక్చరు బండివాడు బేరం మానేసి చూస్తున్నాడు.

వేట నిషేధం రోజులు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్లు కదలవు. పెదజాలరిపేట వైపునుంచి ఒక ముసలాయన, పని లేని నడక నడుస్తూ వచ్చి ఆగాడు.

"ఏటమ్మా, ఏటల్లుతున్నారు?"

"టోపీ తాతా."

"ఈ ఎండలోనా!" అని నవ్వి, వంగి, వదిన చేతిలోది పట్టుకుని చూశాడు. వల అల్లిన వేళ్లు. అంచు లాగి వదిలాడు. "ఇక్కడ వొదులైపోనాది" అని తప్పు కుట్టు మీద సరిగ్గా గోరు పెట్టాడు. ఇన్నేళ్లలో వదిన తప్పు ఒప్పుకోగా నేను చూసింది అదే మొదలు.

ఆయన అక్కడే చతికిలబడ్డాడు. "డిసెంబర్ల తెల్లారగట్ల సముద్రం మీద సలి ఎలాగుంటాదో తెలుసునా అమ్మా? సెవులు తెగిపోతాయి. మా గుంటలికి నాలుగు అల్లియ్యండి, డబ్బులిచ్చేత్తాను. నాలుగూ ఒక్కలాగుండాల. నేకపోతే కొట్టుకుంటారు."

వదిన మొహంలో రంగు మారింది. ఇన్నాళ్లకి ఊలు అవసరమైన మనిషి దొరికాడు. కానీ ఒక్కలాంటివి నాలుగు! రెండోదానికి చెవుల దగ్గర ఏదైనా మార్చవచ్చా అని అడిగింది. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

ఆగస్టులో మొదటి టోపీ అయింది. సెప్టెంబరులో రెండోది సగంలో ఆగి, ఒక కొత్త కాలర్ డిజైనుగా మారింది. అక్టోబరులో ఒక పొద్దున నేను వెళ్లేసరికి, సి షిఫ్టు దిగొచ్చిన అన్నయ్య నిద్రపోకుండా కుర్చీలో కూచుని ఉన్నాడు. చేతిలో పదకొండో నంబరు సూదులు, పక్కన వెర్నియర్.

"నువ్వా!" అన్నాను.

"ఒకేలాంటివి నాలుగేగా" అన్నాడు తల ఎత్తకుండా. "ఇరవయ్యేళ్లుగా నేను చేస్తున్నదేమిటి మరి?"

లోపల్నుంచి వదిన టేపు తీసుకుని వస్తోంది.