తమ్ముడూ, దయచేసి మారకు!

తమ్ముడూ! నువ్వు మారిపోతున్నావని ఊళ్ళో పుకారు. బండికి పీకేసిన సైలెన్సర్ మళ్ళీ బిగించావట. పుట్టినరోజు కేకుని తల్వార్‌తో కాకుండా ప్లాస్టిక్ చాకుతో కోశావట. పొద్దుగూకాక బెల్టుషాపు దగ్గర కాకుండా ఏసీ రిపేరు నేర్పే చోట కనిపిస్తున్నావట. ఇదే నిజమైతే నీ అంత బాధ్యత లేనివాణ్ణి మేం చూడలేదు. నీ చెడు మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో ఒక్కసారైనా లెక్కేశావా?

ముందు అన్న సంగతి చూడు. ఆయన నామినేషన్ వేసే రోజున రెండు లీటర్ల పెట్రోలుకీ, ఒక బిర్యానీ పొట్లానికీ, ఒక క్వార్టరుకీ వందల బళ్ళు రోడ్డెక్కాలి. ఉద్యోగం ఉన్నవాడు వస్తాడా? వాడికి సెలవు దొరకదు. అవతలివాళ్ళ ఫ్లెక్సీ చించాలి, తగాదాలో ఉన్న స్థలానికి రాత్రికి రాత్రే ప్రహరీ లేపాలి, ఎవరో ముసలాయన గుమ్మం ముందు నలుగురు నిలబడి ఊరికే నవ్వాలి. ఈ పనులకు నోటిఫికేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకోలేం కదా! శిలాఫలకం మీద అన్న పేరు, ఎఫ్‌ఐఆర్‌లో ఏ-1గా నీ పేరు. పనిని ఇంత న్యాయంగా పంచుకున్నాక మధ్యలో వదిలిపోతానంటే ఎలా?

పోలీసులకు నువ్వు చేస్తున్న అన్యాయం ఇంకా పెద్దది. ఆదివారం స్టేషన్‌కి పిలిపించి వరసలో నిలబెట్టి ‘సత్ప్రవర్తనతో మెలగండి’ అని సీఐగారు గొంతు పోయేలా చెబుతారు. నువ్వు నిజంగానే మెలిగితే వచ్చే ఆదివారం ఆయన ఎవరికి చెప్పుకోవాలి? ఎన్నికలొస్తే తహసీల్దారు ముందు బైండోవర్ చేయడానికి మనుషులు కావాలి. ఒకప్పుడు దాన్ని సీఆర్‌పీసీ 110 అనేవారు. 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ 129 అయింది. సెక్షన్ మారింది, చట్టం పేరు మారింది, జాబితాలో నీ పేరు మాత్రం మారలేదు. ఆ స్థిరత్వాన్ని గౌరవించు.

రౌడీషీటు అంత తేలిగ్గా పోయేది కాదు. పోలీస్ స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం దాని గడువు డిసెంబరు ఆఖరుతో తీరిపోతుంది. ఆపైన ఉంచాలన్నా, తీసెయ్యాలన్నా పైఅధికారి ఉత్తర్వు కావాలి. అంటే ఏటా ఎవరో ఒకరు నీ కాగితం తెరిచి, నువ్వు మారావా లేదా అని ఆలోచించాలన్నమాట. అంత తీరిక ఎవరికుంది? ‘కొనసాగించవచ్చు’ అని రాస్తే ఒక సంతకంతో పోతుంది. పైగా అయిదేళ్ళుగా ఏ కేసులోనూ లేడన్నంత మాత్రాన షీటు మూసెయ్యనక్కర్లేదని ఆ ఆర్డర్లే చెబుతున్నాయి. అయిదేళ్ళ మంచితనానికి ఇంతకన్నా ఏం విలువ కట్టమంటావు? శాసనం అండ లేని ఆర్డర్లతో ఇలా షీట్లు తెరవడం చెల్లదని 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో సింగిల్ జడ్జి తీర్పిచ్చారు. వెంటనే ప్రభుత్వం అప్పీలుకి పరిగెత్తింది. నువ్వంటే సర్కారుకి అంత ప్రేమ, వదులుకోలేకపోతోంది.

ఉద్యోగం చేసుకుంటానంటావా? కానిస్టేబుల్ కొలువుకి అటెస్టేషన్ ఫారం నింపు. ‘మీ మీద ఎప్పుడైనా కేసు నమోదైందా?’ అన్న గడి దగ్గర పెన్ను ఆగుతుంది. నిజం రాస్తే భయం, దాస్తే ఇంకా భయం. కుర్రతనంలో చేసిన చిల్లర తప్పుల్ని యజమాని చూసీ చూడనట్టు పోవచ్చని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దారి చూపింది. ‘పోవచ్చు’ అన్నది కాబట్టి, పోకపోవచ్చు కూడా. అదే ఎమ్మెల్యే అయితే? కేసుల చిట్టా ఫారం 26లో నింపి, పేపర్లో ప్రకటన వేయిస్తే చాలు. కేసు నడుస్తున్నంత కాలం పోటీకి అడ్డులేదు. అలాంటివాడికే టికెట్ ఎందుకిచ్చారో చెప్పాలనీ, ‘గెలుస్తాడు’ అన్నది కారణం కాదనీ సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరిలో పార్టీలకు చెప్పింది. పార్టీలకు ‘ప్రజాసేవ’ అన్న మాట గుర్తుకొచ్చింది. ఒక్క కేసుంటే లాఠీ పట్టడానికి పనికిరావు, పది కేసులుంటే లాఠీ పట్టినవాళ్ళు నీకు సెల్యూట్ కొడతారు. పొరపాటు నీదే తమ్ముడూ, మధ్యలో ఆగిపోయావు.

ఇంట్లోవాళ్ళ పెట్టుబడి మాటేమిటి? పదో తరగతిలో ఉండగానే బండి కొనిచ్చి, ‘మావాడు గాల్లో పోతాడు’ అని మురిసిన నాన్నకు 2019 మోటారు వాహనాల సవరణ కూడా వాటా ఇచ్చింది. మైనరు బండి నడిపితే తండ్రికో సంరక్షకుడికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు, పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. ఆయన ఇంకా మురుస్తూనే ఉన్నాడు.

గంజాయి వ్యాపారంలో ఉన్న దొరల్ని మాత్రం మర్చిపోతే కళ్ళు పోతాయి. మన్యం నుంచి బస్సులో సంచి మోసేవాడివి నువ్వు. సంచి యజమాని బస్సెక్కడు. 20 కిలోలు దాటి దొరికితే కనీసం పదేళ్ళ జైలు, లక్ష జరిమానా. నీ ఇరవయ్యో ఏట లోపలికి వెళ్ళి ముప్పయ్యో ఏట బయటికి వస్తే, ఆయన అదే బిజినెస్‌లో మరో ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి చూసుకుని ఉంటాడు. మత్తుకి అలవాటైనవాడు తనంతట తాను చికిత్సకి వస్తే, వాడినందుకూ, కొద్ది మొత్తం దగ్గర ఉన్నందుకూ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇచ్చే సెక్షన్ 64ఏ కూడా ఆ పదేళ్ళ శిక్ష వేసే ఎన్డీపీఎస్ చట్టంలోనే ఉంది. మొదటి తప్పుకి జైలు బదులు మంచి నడవడిక షరతు మీద వదిలిపెట్టే ప్రొబేషన్ చట్టం 1958 నుంచీ ఉంది. మైనరుగా చేసిన తప్పు పెద్దయ్యాక వెంటపడకూడదని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 24వ సెక్షన్ అంటోంది. ఇవేవీ నీకు ఎవరూ చెప్పి ఉండరు. ‘మత్తు వద్దు’ ర్యాలీలో బ్యానరుకి ముందు ఎవరు నిలబడాలో తేలేసరికే పొద్దుపోతుంది.

ఇంత చెప్పినా మారి తీరతానంటావా? సరే, నీ మొండితనం నీది. డిసెంబరు రాకముందే షీటు మూయమని డీఎస్పీగారికి అర్జీ పెట్టు, రసీదు తీసుకో. మండల లీగల్ సర్వీసెస్ కమిటీలో వకీలుని అడుగు, ఉచితం. ఉద్యోగం ఫారంలో నిజమే రాయి. ఇక అన్న ర్యాలీకి పిలుస్తాడు, తప్పదు. కాదనకు. ‘తప్పకుండా వస్తానన్నా, అమెరికాలో ఎమ్మెస్ చేస్తున్న మీ అబ్బాయిని కూడా రప్పించండి, ఇద్దరం ముందు బండి మీద కర్రలు పట్టుకుని పోతాం’ అను. ఆ తర్వాత అన్న నుంచి ఇంకో ఫోన్ వస్తే మమ్మల్నడుగు.